ఏడీహెచ్‌డీ పిల్లల అమ్మానాన్నల టెన్షన్: అపోహలు - వాస్తవాలు

పిల్లాడి సంగతులన్నీ రాసుకున్నాక తల్లిని నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "రాత్రి నిద్ర పడుతోందా?" చాలామంది "పడుకునేసరికి పదకొండు దాటుతుందండీ వాడు" అని పిల్లాడి నిద్ర గురించే చెబుతారు. అడిగింది తన గురించని తట్టడానికి కాస్త టైం పడుతుంది.

దేనిమీదా శ్రద్ధ నిలవకపోవడం, ఒక్కచోట కూర్చోలేకపోవడం, ముందూ వెనకా చూసుకోకుండా దూకేయడం వయసుకి మించి ఉండి, ఇంట్లోనూ బడిలోనూ ఇబ్బంది పెడుతుంటే ఏడీహెచ్‌డీ అంటాం. ప్రపంచం మొత్తం మీద 100 మంది పిల్లల్లో సుమారు 5 మందికి ఉంటుందని అంచనా. ఆ పిల్లల గురించి చాలామంది రాస్తున్నారు. వాళ్ళని పెంచేవాళ్ళ గురించి క్లినికల్ సైకాలజిస్టుగా నేను రోజూ వినే మాటలు ఇవి.

అపోహ: "తల్లి గారాబం చేసి చెడగొట్టింది."

అత్తగారే కాదు, టీచర్లూ ఈ మాట అనేస్తారు. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం వాటా 70 నుంచి 80 శాతం దాకా ఉంటుంది. తల్లి అరుస్తుంది కాబట్టి పిల్లాడు ఇలా తయారయ్యాడనేవాళ్ళకి నేను 1979 నాటి ఒక అధ్యయనం గురించి చెబుతుంటాను. రసెల్ బార్క్లీ, చార్లెస్ కన్నింగ్‌హామ్ అనే పరిశోధకులు ఇలాంటి పిల్లలకి కొన్నాళ్ళు ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మందు, కొన్నాళ్ళు మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చి, తల్లీబిడ్డలు కలిసి ఉన్నప్పుడు గమనించారు. మందు వాడుతున్నప్పుడు పిల్లలు మాట వినడం పెరిగింది. దాంతోపాటే తల్లులు ఆజ్ఞలు వేయడం, విసుక్కోవడం తగ్గాయి. తల్లులకి ఎవరూ ఏ శిక్షణా ఇవ్వలేదు. అంటే ఆ అరుపుల్లో చాలా భాగం పిల్లాడి తీరుకి వచ్చిన జవాబే.

అలాగని ఇంట్లో జరిగేదానికి ప్రభావమే లేదనుకోకండి. సాయంత్రం ఏడింటికి హోంవర్కు చూడండి. పుస్తకం తెరవగానే పెన్సిలు మొన విరుగుతుంది. చెక్కుకుని కూర్చోగానే దాహం. నీళ్ళు తాగొచ్చేసరికి రబ్బరు మంచం కింద ఉంటుంది. అమ్మ మెల్లగా చెబుతుంది, మళ్ళీ చెబుతుంది, ఆ తర్వాత అరుస్తుంది. వాడు ఏడుపు అందుకుంటాడు. హాల్లోంచి నానమ్మ "పోనీలేవే, పొద్దున్న రాసుకుంటాడు" అంటుంది. అమ్మ విసిగిపోయి పుస్తకం మూసేస్తుంది, ఆ క్షణానికి ఇద్దరికీ హాయి. ఏడిస్తే హోంవర్కు తప్పుతుందని వాడు, వదిలేస్తే ఇల్లు సద్దుమణుగుతుందని ఆమె నేర్చుకున్నారు. ఇంకోరోజు గట్టిగా అరిచినప్పుడు వాడు రాశాడనుకోండి, అరిస్తేనే పని జరుగుతుందన్నది కూడా ఆమెకి అలవాటవుతుంది. అమెరికాలోని ఆరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్టు ఏళ్ళ తరబడి ఇళ్ళకి మనుషుల్ని పంపి గమనింపజేసింది ఈ చక్రాన్నే. ఇందులో దోషులెవరూ లేరు. మధ్యలో ఎక్కడో ఒకచోట తెంపాలి, ఆ పని పెద్దవాళ్ళకే సాధ్యం.

అపోహ: "రెండు తగిలిస్తే దారికొస్తాడు."

దెబ్బకి ఆ నిమిషం అల్లరి ఆగుతుంది. అలా ఆగింది కదా అనే మర్నాడు మళ్ళీ చెయ్యి లేస్తుంది, అల్లరి మాత్రం పోదు.

అపోహ: "స్వీట్లు పెడితే రెచ్చిపోతాడు."

అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి 1995లో చూస్తే, చక్కెరకీ పిల్లల అల్లరికీ సంబంధం కనబడలేదు. అంతకు ముందు ఏడాది వచ్చిన ఒక అధ్యయనం ఇంకా ఆసక్తికరం. పిల్లలకి చక్కెర లేని పానీయం ఇచ్చి, కొందరు తల్లులకి మాత్రం "చక్కెర ఇచ్చాం" అని అబద్ధం చెప్పారు. ఆ తల్లులకి తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేసినట్టు అనిపించింది. పిల్లాణ్ణి తప్పుపట్టడమూ ఎక్కువైంది. ఎదుటివాళ్ళు చెప్పిన మాటే తల్లి చూపుని మార్చేసింది. "మీవాడు క్లాసంతా పాడుచేస్తున్నాడు" అని డయరీలో ఎర్ర ఇంకుతో రాసి పంపిన రోజు ఇంట్లో సాయంత్రం ఎలా గడుస్తుందో టీచర్లు ఆలోచించాలి.

అపోహ: "నా దగ్గర బానే ఉంటాడే, వాళ్ళమ్మకే చేతకాదు."

ఇది నాన్నల మాట. నిజమే, బానే ఉంటాడు, ఎందుకంటే నాన్న దగ్గర ఉండేది బండి మీద షికారు, క్రికెట్టు. ఎక్కాలు, యూనిఫాం, టిఫిన్ అమ్మ వాటా. కొత్తదీ సరదాదీ అయిన పనిలో ఈ పిల్లల శ్రద్ధ నిలుస్తుంది, విసుగు పుట్టించే దాంట్లో జారిపోతుంది. ఓ వారం హోంవర్కు నాన్నకి అప్పగించమంటాను. రెండో రోజుకే ఫోన్ వస్తుంది.

"నేనూ చిన్నప్పుడు ఇంతేనండీ" అని నవ్వేసే నాన్నలుంటారు. ఆ మాటని తేలిగ్గా తీసుకోను. తాళాలు, కరెంటు బిల్లు, మీటింగులు ఇప్పటికీ మరిచిపోతుంటే ఆయన్నీ పరీక్షించాల్సి రావచ్చు. అమ్మ విషయమైనా అంతే. తల్లికే ఈ లక్షణాలు ఎక్కువగా ఉన్నచోట పేరెంట్ ట్రైనింగ్ (పిల్లాడితో ఎలా మెలగాలో అమ్మానాన్నలకి నేర్పే శిక్షణ) ఫలితం తగ్గుతుందని 2002లో బ్రిటన్‌లో చూపించారు.

అపోహ: "హాస్టల్లో వేస్తే అదే సెట్ అవుతుంది."

మన రెండు రాష్ట్రాల్లో ఇది పెద్ద ఆశ. ఇంట్లోవాళ్ళకి ఊపిరి అందుతుంది, కాదనను. కానీ తెల్లారకముందే మొదలై రాత్రిదాకా సాగే స్టడీ అవర్లలో కదలకుండా కూర్చోవడమే ఈ పిల్లలు చేయలేని పని. మందు వేళకి ఇచ్చేవాళ్ళుండరు. దసరా సెలవులకి వచ్చేసరికి వాడి మీద ఫిర్యాదుల జాబితా ఉంటుంది, ఫీజు వెనక్కి రాదు.

అపోహ: "డాక్టర్ రాసిస్తే సదరం సర్టిఫికెట్ వచ్చేస్తుంది."

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఏడీహెచ్‌డీ విడిగా లేదు. ఆటిజం, లెర్నింగ్ డిజెబిలిటీ ఉన్నాయి. ఏడీహెచ్‌డీతో పాటు చదవడం, రాయడంలో కూడా ఇబ్బంది ఉన్న పిల్లలు చాలామందే కాబట్టి ముందు ఆ పరీక్ష చేయించండి. లేకపోతే ఆఫీసుల చుట్టూ తిరగడం ఒక టెన్షన్ అదనం.

అపోహ: "ముందు వాడు బాగుపడనీండి, నా సంగతి తర్వాత."

ఆరేళ్ళ లోపు పిల్లలకి మందు కంటే ముందు పేరెంట్ ట్రైనింగే ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. అంటే చికిత్స నడిచేది అమ్మానాన్నల చేతుల మీదుగానే. దూరం నుంచి నాలుగు పనులు ఒకేసారి చెప్పకుండా, దగ్గరికెళ్ళి ఒక్కటి చెప్పి కాసేపు ఆగడం, చేయగానే ఆ పని పేరు పెట్టి మెచ్చుకోవడం, రోజూ ఓ పావుగంట ఏ ఆజ్ఞా లేకుండా వాడితో ఆడటం. వినడానికి తేలికే. మూడు రాత్రులుగా నిద్రలేని మనిషి వల్ల ఇందులో ఒక్కటీ కాదు.

రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, దేనిమీదా మనసు పోకపోయినా, "పిల్లాణ్ణి తీసుకుని ఎటైనా పోతే బాగుండు" అనిపిస్తున్నా అది మీ చేతకానితనం కాదు, చికిత్స ఉన్న జబ్బు కావచ్చు. ముఖ్యంగా ఆ చివరి ఆలోచన వస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పండి. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. డబ్బులు కట్టక్కర్లేదు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లాడి కోసమైతే జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే ప్రభుత్వ కేంద్రం) ఎక్కడుందో అడగండి, వెళ్ళేటప్పుడు స్కూలు డయరీ పట్టుకెళ్ళండి, వీలైతే నాన్నని కూడా.