టీచర్ల పెన్షన్: స్టాఫ్ రూములో వినిపించే అపోహలు, కాగితాల మీదున్న వాస్తవాలు

మా మండలంలో ఉపాధ్యాయ సంఘం తరఫున పెన్షన్ కాగితాల పని చూస్తుంటాను. రిటైర్ కాబోయే మాస్టార్ల సర్వీస్ రిజిస్టర్లు ముందేసుకుని ఎంట్రీలు సరిచూడటం, ప్రపోజల్స్ తయారు చేయించడం, సీపీఎస్ (2004 సెప్టెంబరు తర్వాత చేరినవాళ్లకు జీతం నుంచి వాటా కోసే కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) వాళ్ల ప్రాన్ స్టేట్‌మెంట్లు, అంటే పెన్షన్ ఖాతా లెక్కలు, చూసి పెట్టడం నా పని. పెన్షన్ గురించి టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, మా స్టాఫ్ రూముల్లోనూ తిరిగే మాటల్లో సగం పొరపాటువే. అవి సీపీఎస్‌ను సమర్థించేవాళ్ల దగ్గరే కాదు, రద్దు కోసం పోరాడే మా దగ్గరా ఉన్నాయి. అందుకే రెండు వైపులవీ రాస్తున్నాను.

అపోహ: పాత పెన్షన్ అంటే రిటైరైన ప్రతి ఒక్కరికీ సగం జీతం

మన దగ్గర పాత పెన్షన్‌కు ఆధారం 1980 నాటి సవరించిన పెన్షన్ నిబంధనలు. వాటి ప్రకారం చివరి మూల వేతనంలో సగం పెన్షన్‌గా రావాలంటే 33 ఏళ్ల అర్హత సర్వీసు ఉండాలి. పదేళ్లు నిండకపోతే నెలవారీ పెన్షనే లేదు. మధ్యలో ఉన్నవాళ్లకు ఆరు నెలలను ఒక యూనిట్‌గా లెక్కగట్టి, మూల వేతనాన్ని ఆ యూనిట్లతో హెచ్చించి 132తో భాగిస్తారు.

చివరి బేసిక్ 60,000 అనుకుందాం. 33 ఏళ్లు చేసినవారికి 66 యూనిట్లు, అంటే 30,000. ముప్పై ఐదేళ్లు దాటాక డీఎస్సీ కొట్టి 20 ఏళ్లే చేసినవారికి 40 యూనిట్లు. వెయిటేజీ (అదనంగా కలిపే సర్వీసు) లెక్క వదిలేస్తే వచ్చేది 18,181. సీపీఎస్ టీచర్లలో లేటుగా ఉద్యోగంలోకి వచ్చినవాళ్లు చాలామంది. ఓపీఎస్ (పాత పెన్షన్) వచ్చినా వాళ్లకు సగం జీతం రాదని ముందే చెప్పడం మంచిది.

మరి పాత పెన్షన్ కోసం ఇంత ఆరాటం దేనికి? ఆ 18,181 అక్కడే ఆగిపోదు కనుక. దాని మీద డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరువు భృతి) వస్తుంది, డీఏ పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది. పీఆర్సీ (వేతన సవరణ) వస్తే పెన్షన్‌ను మళ్లీ స్థిరీకరిస్తారు. 70 ఏళ్లు దాటితే అదనపు పెన్షన్ కలుస్తుంది. తర్వాత జీవిత భాగస్వామికి కుటుంబ పెన్షన్. చేతికొచ్చే మొదటి నెల అంకె కంటే ఇరవయ్యో ఏట వచ్చే అంకెలోనే తేడా ఉంది.

అపోహ: సీపీఎస్‌లో ప్రభుత్వమూ పది శాతం వేస్తోంది కదా, చివరికి అంతకంటే ఎక్కువే వస్తుంది

ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి సీపీఎస్ వర్తింపజేశారు. ఆ తేదీని మా సంఘాలు పెన్షన్ విద్రోహ దినంగా పాటిస్తున్నాయి. బేసిక్, డీఏ కలిపి అందులో పది శాతం జీతం నుంచి కోస్తారు, అంతే మొత్తం ప్రభుత్వం జమ చేస్తుంది. కేంద్ర ఉద్యోగులకు ప్రభుత్వ వాటా 2019 ఏప్రిల్ నుంచి 14 శాతం.

రిటైరయ్యేనాటికి 30 లక్షలు పోగయ్యాయనుకుందాం. అందులో 60 శాతం, అంటే 18 లక్షల వరకు ఒకేసారి తీసుకోవచ్చు. మిగతా 12 లక్షలతో తప్పనిసరిగా యాన్యుటీ (నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పాలసీ) కొనాలి. ఆరున్నర శాతం చొప్పున లెక్కేస్తే నెలకు 6,500. మా వేదికల మీద ఈ 6,500 ఒక్కటే చెప్పి ఓపీఎస్ మొత్తంతో పోలుస్తుంటారు. అది సరైన పోలిక కాదు. చేతికొచ్చిన 18 లక్షలను కూడా అదే వడ్డీకి వేస్తే నెలకు మరో 9,750 వస్తుంది. రెండూ కలిపితే 16,250. పైన చెప్పిన 18,181కి మరీ దూరమేమీ కాదు. పైగా కొన్న మొత్తం తిరిగిచ్చే రకం యాన్యుటీ తీసుకుంటే ఆ 12 లక్షలు చివరికి కుటుంబానికే వస్తాయి.

అయినా నేను సీపీఎస్ వద్దనే అంటాను. ఆ 16,250కి డీఆర్ లేదు, పీఆర్సీ లేదు. పదిహేనేళ్ల తర్వాత బియ్యం ధర ఎంతున్నా, మందుల బిల్లు ఎంతున్నా అంతే. పైగా ఆ 18 లక్షలు బ్యాంకులో కదలకుండా ఉంటేనే ఈ లెక్క. అమ్మాయి పెళ్లో, ఇంటి అప్పో తీర్చాక ఎంత మిగులుతుందో మనందరికీ తెలుసు. రిటైరైన ఏడాది మార్కెట్ పడితే ఆ నష్టం కూడా మాస్టారిదే. పెన్షన్ మీద ఏ చట్టం వచ్చినా, ఏ కమిటీ నివేదిక ఇచ్చినా నేను వెతికేది ఒక్కటే: ధరలు పెరిగితే, మనిషి ఎక్కువ కాలం బతికితే ఆ భారం ఎవరి మీద పడుతుంది? ఓపీఎస్‌లో ప్రభుత్వం మీద, సీపీఎస్‌లో ఆ మనిషి మీద.

అపోహ: పెన్షన్ ప్రభుత్వం దయతో ఇచ్చేది, ఎప్పుడైనా ఆపేయవచ్చు

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. పెన్షన్ యజమాని దయాదాక్షిణ్యం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అంది. ఆ తేదీనే మనం పెన్షనర్ల దినోత్సవం చేసుకుంటున్నాం. చట్టప్రకారం వచ్చే పెన్షన్ ఆస్తి కిందికే వస్తుందని, రాజ్యాంగంలోని 300ఏ అధికరణ దానికి వర్తిస్తుందని 2013లో జార్ఖండ్ కేసులో మళ్లీ తేల్చింది. అయితే ఈ తీర్పులు చూపించి సీపీఎస్ రాజ్యాంగ విరుద్ధమని వాదించేవాళ్లకు ఒక మాట. ఉన్న హక్కును తీసేయకూడదన్నాయి గానీ, కొత్తగా చేరేవారికి వేరే పథకం పెట్టకూడదని అనలేదు.

అపోహ: ఎన్‌పీఎస్ కేంద్ర చట్టం, రాష్ట్రాలు బయటికి రాలేవు

ఇది చాలామంది చదువుకున్నవాళ్లు కూడా నమ్మే మాట. మన సీపీఎస్ డబ్బు జమయ్యే జాతీయ పెన్షన్ పథకమే ఎన్‌పీఎస్. దాన్ని నియంత్రించే పీఎఫ్‌ఆర్‌డీఏ సంస్థకు సంబంధించిన చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది 2013లో. అమల్లోకి వచ్చింది 2014 ఫిబ్రవరి 1న. అంటే మన దగ్గర సీపీఎస్ మొదలైన దాదాపు పదేళ్లకు. తమ ఉద్యోగులకు దాన్ని వర్తింపజేయాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. పశ్చిమ బెంగాల్ అసలు చేరలేదు. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ 2022, 2023 మధ్య పాత పెన్షన్ వైపు తిరిగాయి.

అసలు చిక్కు వేరే ఉంది. అప్పటిదాకా జమైన డబ్బును రాష్ట్రాలకు తిరిగిచ్చే నిబంధన చట్టంలో లేదని కేంద్రం పార్లమెంటులోనే స్పష్టంగా చెప్పింది. కాబట్టి బయటికి రావడానికి అడ్డు లేదు, పాత డబ్బు మాత్రం రాష్ట్ర ఖజానాకు రాదు. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు కొనసాగించాలా వద్దా అని ఆలోచించే సమయం దొరికింది. ప్రభుత్వం కొనసాగించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఎన్నికల ముందు అధికారంలోకి వచ్చిన వారంలో రద్దు చేస్తామన్న హామీ వినిపించింది, అమలు కాలేదు. ఇవి రాజకీయ నిర్ణయాలు. చట్టం అడ్డొచ్చి జరిగినవి కావు.

అపోహ: ఓపీఎస్ ఇస్తే ఖర్చేమీ ఉండదు. దానికి ఎదురు అపోహ: ఇస్తే రేపే ఖజానా ఖాళీ

మొదటిది మా వైపు అపోహ. రెండోది స్టూడియోల్లో కూర్చునే కొందరు ఆర్థిక విశ్లేషకులది. ఓపీఎస్‌కు మారిన రోజు నుంచి ప్రభుత్వం తన పది శాతం వాటా కట్టక్కర్లేదు కనుక మొదట్లో నిజానికి మిగులే కనిపిస్తుంది. ముప్పై ఏళ్లలోపు చేరిన 2004 తర్వాతి తరం పెద్ద సంఖ్యలో రిటైరయ్యే 2030ల నడుమ నుంచి అసలు భారం మొదలవుతుంది. దేశంలోని రాష్ట్రాలన్నీ ఓపీఎస్‌కు మారితే మొత్తం భారం ఎన్‌పీఎస్‌తో పోలిస్తే నాలుగున్నర రెట్ల దాకా ఉండవచ్చని రిజర్వ్ బ్యాంకు బులెటిన్‌లో 2023 సెప్టెంబరులో ఒక అధ్యయనం వచ్చింది. దాన్ని తోసిపుచ్చడం కంటే, ఆ ఖర్చు దేనికోసమో ప్రజలకు వివరించి ఒప్పించడం మన పని. ముప్పై ఏళ్లు బడి నడిపినవారి ముసలితనానికి అయ్యే ఖర్చది. హామీ ఇచ్చే పార్టీలు కూడా 2035 నాటి బడ్జెట్ లెక్క చూపించి ఇవ్వాలి.

అపోహ: యూపీఎస్ అయినా జీపీఎస్ అయినా సగం జీతమే, ఓపీఎస్ వచ్చినట్టే

కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి తెచ్చిన యూపీఎస్‌ (ఏకీకృత పెన్షన్ పథకం)లో 25 ఏళ్ల సర్వీసుకు, చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం హామీ ఇచ్చారు. పదేళ్లు చేస్తే కనీసం 10,000. డీఆర్ ఉంది, కుటుంబానికి 60 శాతం ఉంది. సీపీఎస్‌తో పోలిస్తే ఇది మెరుగే. అది ఒప్పుకోవాలి. కానీ ఉద్యోగి పది శాతం కడుతూనే ఉండాలి, ఓపీఎస్‌లో కోత లేదు. యూపీఎస్ కేంద్ర ఉద్యోగులది, జిల్లా పరిషత్ టీచరుకు దానంతటదే రాదు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 సెప్టెంబరులో ఆమోదించిన జీపీఎస్ (గ్యారంటీ పెన్షన్ పథకం) కూడా ఇదే దారి: వాటా కడుతూనే ఉంటాం, యాన్యుటీ తక్కువైతే సగం బేసిక్ దాకా ప్రభుత్వం పూరిస్తుంది. సంఘాలు అప్పుడే వ్యతిరేకించాయి. ధరల భారం ప్రభుత్వం తీసుకున్నందుకు నేను ఈ రెండు పథకాలనూ పూర్తిగా కొట్టిపారేయను. ఓపీఎస్ పేరు పెట్టి అమ్మితే మాత్రం ఒప్పుకోను.

అపోహ: 2004 తర్వాత చేరినవాళ్లందరూ సీపీఎస్సే, మాట్లాడటానికి ఏమీ లేదు

డీఎస్సీ 2003 వాళ్లను అడగండి. నోటిఫికేషన్ 2003లోనే వచ్చింది. నియామకాలు ఆలస్యమై కొత్త పథకం వచ్చాక చేరారు. ఆలస్యంలో అభ్యర్థుల తప్పు ఏముంది? ఇలాంటి పరిస్థితిలోనే ఉన్న కేంద్ర ఉద్యోగులకు, 2003 డిసెంబరు 22కు ముందు నోటిఫై చేసిన పోస్టుల్లో ఎంపికైతే, పాత పెన్షన్ ఎంచుకునే ఒక అవకాశం 2023 మార్చిలో ఇచ్చారు. మనం మెమో 57 అంటున్నది దాన్నే. మిగతా వాదనలన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్క బ్యాచ్‌కు న్యాయం చేయడానికి ఖజానా సాకు సరిపోదు.

అపోహ: సీపీఎస్ టీచరు సర్వీసులో చనిపోతే కుటుంబానికి ఏమీ రాదు

మొదట్లో పరిస్థితి అంతే దారుణంగా ఉండేది. పోరాటాల తర్వాత రెండు రాష్ట్రాలూ కుటుంబ పెన్షన్, గ్రాట్యుటీ ఉత్తర్వులు ఇచ్చాయి. ప్రాన్ ఖాతాలోని డబ్బుకు షరతులుంటాయి కనుక, ఎవరో తెచ్చిన విత్‌డ్రాయల్ ఫారం మీద కుటుంబ సభ్యులు సంతకం పెట్టేముందు ఆ ఉత్తర్వులు చదివినవారిని ఒకసారి అడగాలి.

అపోహ: పే స్లిప్‌లో కోత కనిపిస్తే డబ్బు ప్రాన్‌లో పడినట్టే

రోజూ నాకు ఎదురయ్యేది ఇదే. "మాస్టారూ, ప్రతి నెలా కోస్తున్నారు కదా, ఎక్కడికి పోతుంది?" అంటారు. కోత వేరు, జమ వేరు. మొన్న ఒక మేడమ్‌గారి స్టేట్‌మెంటు, పే స్లిప్పులు పక్కపక్కన పెట్టి పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ పోయాం. బదిలీ అయిన ఏడాది వరసగా కొన్ని నెలలు స్టేట్‌మెంటులో లేవు. డీఏ ఎరియర్స్ బిల్లులో కోసిన పది శాతమూ లేదు. మరికొన్ని నెలలు ఆమె వాటా పడింది, ప్రభుత్వ వాటా పడలేదు. మిస్సింగ్ క్రెడిట్స్ అంటే ఇవే. డబ్బు ఆలస్యంగా పడితే ఆ కాలానికి రావాల్సిన రాబడీ పోయినట్టే.

ఏం చేయాలంటే, ఏటా ఏప్రిల్‌లో స్టేట్‌మెంటు డౌన్‌లోడ్ చేసుకుని పన్నెండు నెలలూ సరిచూడండి. లేని నెలలకు బిల్లు టోకెన్ నంబరు, తేదీ రాసి డీడీఓ (జీతాల బిల్లు పెట్టే అధికారి) ద్వారా సబ్ ట్రెజరీకి లిఖితపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. బదిలీ అయినప్పుడు, ప్రమోషన్ వచ్చినప్పుడు, డీడీఓ మారినప్పుడు తప్పకుండా చూడండి. రిటైర్మెంటు ముందు నెలలో వెతికితే పదేళ్ల కిందటి బిల్లులు దొరకవు.

అపోహ: ప్రైవేటు స్కూలు టీచర్లకు పెన్షన్, గ్రాట్యుటీ వర్తించవు

ఈ చర్చలో ఎవరూ తలచుకోనిది వీళ్లనే. ఇరవై మంది, ఆపైన పనిచేసే స్కూలుకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. దాని వెంట ఈపీఎస్ (పీఎఫ్‌కు అనుబంధమైన ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ ఉంటుంది. పెన్షన్ లెక్కలోకి వచ్చే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగిస్తారు. 15,000 మీద 15 ఏళ్లకు నెలకు 3,214. డీఆర్ లేదు. కనీస పెన్షన్ 2014 నుంచి 1,000. ఓపీఎస్ కోసం రోడ్డెక్కే మనం ఈ అంకెల గురించి ఎందుకు గట్టిగా మాట్లాడమో నాకు ఎప్పుడూ బాధే.

గ్రాట్యుటీ విషయంలో ఒకప్పుడు టీచర్లు చట్టం నిర్వచనంలోకి రారని సుప్రీంకోర్టు 2004లో అంది. పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా వారిని చేర్చింది. ప్రైవేటు యాజమాన్యాలు సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. అయిదేళ్లు పూర్తిచేసి మానేసిన టీచరుకు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున రావాలి. యాజమాన్యం ఇవ్వనంటే జిల్లాలోని కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టవచ్చు. నియామక పత్రం ఇవ్వలేదని వెనక్కి తగ్గకండి. బ్యాంకులో పడిన జీతం ఎంట్రీలు, పీఎఫ్ పాస్‌బుక్, మీ సంతకాలున్న హాజరు పట్టీ ఫొటో, ఇవి కూడా రుజువులే.