మెయిన్ ఆపితే కరెంటు పోయినట్టేనా? ఇంటి రిపేర్లలో అపోహలు - వాస్తవాలు

ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళకు వైరింగు, రిపేర్లు చేస్తున్నాను. హోల్డరు, స్విచ్, ఫ్యాన్ రెగ్యులేటరు మేమే మార్చుకుంటాం అంటే నేను వద్దనను. నేర్చుకోదగ్గ పనులే. కానీ షాక్ కొట్టిందని ఫోన్ చేసినవాళ్ళని ఎప్పుడు అడిగినా దాదాపు అందరిదీ ఒకటే మాట: "ఆపే ముట్టుకున్నానండీ". ఆపడం వేరు, కరెంటు పోయిందని తేల్చుకోవడం వేరు.

అపోహ: స్విచ్ ఆపితే చాలు.

స్విచ్ ఫేజు వైరు (కరెంటు తెచ్చే వైరు) మీద ఉండాలి. పాత ఇళ్ళల్లో, ఎవరో హడావుడిగా కలిపిన బోర్డుల్లో అది న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) మీద ఉంటుంది. స్విచ్ ఆపగానే బల్బు ఆరుతుంది, ఫ్యాను ఆగుతుంది, అయినా హోల్డరు దాకా 230 వోల్టులు అలాగే ఉంటాయి. అసలే స్టూలు మీద ఉంటాం. షాకు చిన్నదే అయినా అక్కణ్ణుంచి పడితే నడుం విరుగుతుంది.

అపోహ: మెయిన్ ఆపేశాను, ఇంక భయం లేదు.

ఇన్వర్టరు లేని ఇంట్లో ఈ మాట చాలావరకు నిజం. ఉన్న ఇంట్లో కాదు. మీరు మెయిన్ దించగానే ఇన్వర్టరుకు కరెంటు పోయినట్టు లెక్క. రెప్పపాటులో అది బ్యాటరీ మీదకు మారి, ఫ్యాన్లకూ లైట్లకూ మళ్ళీ 230 వోల్టులు పంపుతుంది. పనిలో చేరిన కొత్తలో నాకే జరిగింది. మధ్యాహ్నం పూట, లైట్లన్నీ ఆపి ఉన్నాయి. మెయిన్ దించి బోర్డు ఊడదీశాను. ఎడం చెయ్యి పక్కనున్న ఇనప కిటికీ మీద ఉంది, కుడి చేతి వేళ్ళు ఇన్వర్టరు ఫేజుకి తగిలాయి. చెయ్యి దానంతటది విదిలించుకుంది కాబట్టి బతికాను. ఆ సాయంత్రం దాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

పోనీ ఇన్వర్టరు ముందున్న బటన్ ఒక్కటే ఆపితే? అదీ చాలదు. చాలా మోడళ్ళలో ఆ బటన్ బ్యాటరీ సరఫరానే ఆపుతుంది, లైన్లో కరెంటు ఉంటే అది నేరుగా లోపలికి వెళ్తూనే ఉంటుంది. అందుకే మెయిన్ దించాలి, ఇన్వర్టరు బటన్ ఆపాలి, రెండూ చెయ్యాలి. ఇంకొక మాట. మెయిన్ దించినా స్తంభం నుంచి మీటరుకు, మీటరు నుంచి మెయిన్‌కు వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది. ఆ భాగాన్ని మీరు ముట్టుకోకండి. అక్కడ తేడా వస్తే 1912కి ఫోన్ చేసి లైన్‌మన్‌ని పిలవండి.

అపోహ: టెస్టరు వెలగలేదు, కాబట్టి కరెంటు లేదు.

టెస్టరులో చిన్న నియాన్ బుడ్డి, దాని వెనక పెద్ద రెసిస్టెన్సు ఉంటాయి. మన ఒంట్లోంచి నేలకు అతి కొద్ది కరెంటు పోతేనే అది వెలుగుతుంది. చెక్క స్టూలు మీద పొడి చెప్పులతో నిలబడితే వెలుగు బాగా తగ్గుతుంది, పట్టపగలైతే అసలు కనపడదు. కాబట్టి ముందు కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో పెట్టి చూడండి. తర్వాత పని చేయాల్సిన వైరు మీద. మళ్ళీ అదే ప్లగ్గులో (అది మెయిన్ దించితే చచ్చే ప్లగ్గైతే పక్క పోర్షన్‌లోది చూడండి). మూడుసార్లూ సరిగ్గా చూపిస్తేనే నమ్మండి. బల్బు వెలగదు గానీ ప్లగ్గు రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలుగుతోందంటే ఎక్కడో న్యూట్రల్ తెగినట్టు. అప్పుడు న్యూట్రల్ అనుకునే నల్ల వైరు కూడా కొడుతుంది.

అపోహ: రబ్బరు చెప్పులు వేసుకుంటే ఏం కాదు.

ఒక చెయ్యి వైరు మీద, ఇంకో చెయ్యి తడిగోడ మీదో ఫ్రిజ్ మీదో ఉంటే కరెంటు ఛాతీ మీదుగా పోతుంది. దానికి చెప్పులతో పనే లేదు.

అపోహ: ఎంసీబీ ఉంది, షాక్ కొడితే అదే పడిపోతుంది.

ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్. అది కాపాడేది వైర్లను. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునేంత కరెంటు గుండె మీదుగా పోతే మనిషి చనిపోవచ్చు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది ఒక బల్బు వెలిగినట్టే, అది కదలదు. మనిషి కోసం పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటు తిరిగి రాకుండా మీలోంచి నేలలోకి పోతుంటే అది పసిగట్టి పడిపోతుంది. ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ దగ్గర తగ్గించుకోండి గానీ దీని దగ్గర వద్దు. దానికీ హద్దుంది: ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే వెళ్ళిన కరెంటు వెళ్ళినట్టే తిరిగొస్తుంది, ఆర్‌సీసీబీ మిమ్మల్ని బల్బే అనుకుంటుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. పడకపోతే వెంటనే మార్పించండి.

అపోహ: ఎర్తు లేకపోతే న్యూట్రల్‌నే కలిపేయొచ్చు.

దయచేసి చెయ్యకండి, చెయ్యనివ్వకండి. మూడు పిన్నుల సాకెట్లో న్యూట్రల్ నుంచి ఎర్తుకు చిన్న ముక్క వేసి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. ఏదో ఒక రోజు న్యూట్రల్ తెగుతుంది. ఆ క్షణం నుంచి ఫ్రిజ్ తలుపు, వాషింగ్ మెషిన్ డబ్బా, అన్నీ ఫేజే. పిల్లలు ముట్టుకునేవి అవి. ఎర్తు గుంత ఉంటే ఎండాకాలంలో నీళ్ళు పోస్తూ తడిగా ఉంచండి.

అపోహ: ఎవరికైనా షాక్ కొడితే వెంటనే పట్టి లాగాలి.

లాగితే ఇద్దరూ అతుక్కుంటారు. ముందు మెయిన్, ఇన్వర్టరు ఆపాలి. కుదరకపోతే పొడి కర్రతో వైరును తప్పించాలి. స్పృహ, ఊపిరి లేకపోతే కాళ్ళు చేతులు రుద్దుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. ఇదంతా మీకు తెలిస్తే సరిపోదు, ఎందుకంటే షాక్ కొట్టేది పని చేస్తున్న మీకే. స్టూలెక్కే ముందే ఇంట్లో ఒకరిని పిలిచి, మెయిన్ ఎక్కడుందో, ఇన్వర్టరు బటన్ ఏదో వాళ్ళ చేత్తోనే ఒకసారి ఆపించి చూడండి.