చవక బ్లూటూత్ సెన్సర్‌లో అసలు లెక్క కరెంటుదే

గదిలో వేడి, కుండీలో తేమ, ట్యాంకులో నీటిమట్టం కొలిచి ఫోన్‌కు పంపే చిన్న సెన్సర్‌ను సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా వెతికేది చవక బ్లూటూత్ మాడ్యూల్ కోసం. వెతగ్గానే హెచ్‌సీ-05, హెచ్‌సీ-06, హెచ్‌ఎం-10, ఏటీ-09, ఈఎస్‌పీ32, ఎన్‌ఆర్‌ఎఫ్52832 అంటూ పేర్లు వరస కడతాయి. ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి. రేంజ్ ఎంత, స్పీడ్ ఎంత అని పోల్చుకుని చాలామంది ఏదో ఒకటి కొనేస్తారు. నన్నడిగితే ఆ రెండూ తర్వాత చూసుకోవచ్చు. సెన్సర్ పంపాల్సిన సమాచారం ఎంత? ఉష్ణోగ్రతకు రెండు బైట్లు, తేమకు రెండు, బ్యాటరీ వోల్టేజీకి రెండు. మొత్తం ఆరు బైట్లు, అదీ నిమిషానికోసారి చాలు. మిగతా సమయమంతా మాడ్యూల్ ఎంత కరెంటు తాగుతూ కూర్చుంటుందన్నదే మొదట తేల్చుకోవాల్సిన విషయం. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఈ సెన్సర్లలో రేడియో పాడైందనిపించే సమస్యల్లో చాలావాటికి మూలం కూడా కరెంటు దగ్గరే దొరుకుతుంది.

బ్లూటూత్ అనే ఒకే పేరు కింద రెండు రకాల రేడియోలున్నాయి. పాతదాన్ని క్లాసిక్ అంటారు. హెడ్‌ఫోన్‌కు పాట పంపేది ఇదే. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 79 చానెళ్ల మీద సెకనుకు 1600 సార్లు గెంతుతూ మాట్లాడుతుంది. రెండు వైపులా ఈ గెంతులు కలిసి నడవాలంటే రేడియో తరచూ మెలకువగా ఉండాల్సిందే. రెండోది బ్లూటూత్ లో ఎనర్జీ, వాడుకలో బీఎల్‌ఈ. నోకియా 2006లో వైబ్రీ పేరుతో ప్రకటించిన టెక్నాలజీయే 2010లో బ్లూటూత్ 4.0తో పాటు బీఎల్‌ఈగా వచ్చింది. దీనికి 40 చానెళ్లు. వాటిలో మూడింటిని కేవలం ప్రకటనల కోసం, అంటే అడ్వర్టైజింగ్ కోసం కేటాయించారు. అవి 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. వైఫై ఎక్కువగా వాడే 1, 6, 11 చానెళ్ల అంచుల్లోనూ సందుల్లోనూ పడేలా చూసి పెట్టారు. పక్కనే రౌటర్ ఉన్నా బీఎల్‌ఈ సెన్సర్ ఫోన్‌కు కనబడుతోందంటే కొంతవరకు ఈ జాగ్రత్త వల్లే.

సెన్సర్ చేసుకునేవాళ్లకు బీఎల్‌ఈలో నిజంగా పనికొచ్చేది ఈ ప్రకటనే. ఫోన్‌తో కనెక్ట్ అవ్వాల్సిన పనే లేదు. ఒక ప్రకటన ప్యాకెట్‌లో 31 బైట్ల దాకా పడుతుంది, మన ఆరు బైట్లు అందులో సుఖంగా సర్దుకుంటాయి. మాడ్యూల్ నిద్ర లేచి, కొలిచి, ఆ మూడు చానెళ్ల మీదా ఒక్కోసారి ప్యాకెట్ వదిలి, మళ్లీ నిద్రపోతుంది. వినేవాళ్లు ఒకరున్నా పదిమందున్నా దానికి అదనపు ఖర్చు లేదు.

ఒకసారి లెక్క వేసి చూద్దాం. సీఆర్2032 కాయిన్ సెల్‌లో సుమారు 220 మిల్లీఆంపియర్ అవర్ల శక్తి ఉంటుంది. ఎన్‌ఆర్‌ఎఫ్52832 చిప్ 3 వోల్టుల దగ్గర, 0 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలమానం) శక్తితో ప్రసారం చేస్తూ 5.3 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. టైమర్ ఒక్కటే నడుస్తూ నిద్రలో ఉంటే 2 మైక్రోఆంపియర్ల లోపే. ఒక్కో ప్రకటనకు, నిద్ర లేవడంతో కలిపి, 3 మిల్లీసెకన్ల పాటు సగటున 5 మిల్లీఆంపియర్లు అనుకుందాం. సెకనుకో ప్రకటన చేస్తే సగటు 15, నిద్రతో కలిపి 17 మైక్రోఆంపియర్లు. అంటే దాదాపు 12,900 గంటలు, సుమారు ఏడాదిన్నర. ఐదు సెకన్లకోసారి చేస్తే సగటు 5కు దిగుతుంది, కాగితం మీద ఐదేళ్లు. అదే క్లాసిక్ రకం హెచ్‌సీ-05 ఫోన్‌తో జత కోసం ఎదురుచూస్తూ 30 మిల్లీఆంపియర్ల పైనే తీసుకుంటుంది. అదే సెల్ మీద లెక్క ఏడు గంటలకు మించి రాదు. నిజానికి కాయిన్ సెల్ అంత కరెంటును అన్ని గంటలు ఇవ్వనే ఇవ్వలేదు.

ఈ లెక్క చూశాక ఎంపిక తేలికవుతుంది. ఏళ్ల తరబడి బ్యాటరీ మీద ఉండాల్సిన సెన్సర్‌కు ఎన్‌ఆర్‌ఎఫ్52 జాతి మాడ్యూల్‌ను మించింది చవకలో నాకు కనబడలేదు. అందులోనే ప్రాసెసర్ ఉంటుంది కాబట్టి విడిగా ఆర్డునో లాంటి కంట్రోలర్ బోర్డు అక్కర్లేదు. కాకపోతే ప్రోగ్రాం ఎక్కించడానికి ఎస్‌డబ్ల్యూడీ అనే రెండు తీగల ప్రోగ్రామర్ కావాలి, మొదటిసారి కాస్త కుస్తీ పట్టాల్సి వస్తుంది. ఆ శ్రమ దండగ కాదు. సెన్సర్ ఎప్పుడూ అడాప్టర్‌కు తగిలించి ఉంటుంది, వైఫై కూడా కావాలి అంటే ఈఎస్‌పీ32 బంగారం. దాని రేడియో మేలుకుని ఉంటే దాదాపు 100 మిల్లీఆంపియర్లు లాగుతుంది కాబట్టి కాయిన్ సెల్ జోలికి మాత్రం తీసుకెళ్లకూడదు. ఇక్కడే ఒక చిక్కుంది. మొదటి ఈఎస్‌పీ32లో క్లాసిక్, బీఎల్‌ఈ రెండూ ఉంటాయి. సీ3, ఎస్3 రకాల్లో క్లాసిక్ లేదు. క్లాసిక్ మీద నడిచే బ్లూటూత్ సీరియల్ ప్రోగ్రాం పాత బోర్డు మీద పనిచేసి కొత్తదాని మీద కంపైల్ కూడా కాకపోతే కారణం ఇదే.

హెచ్‌సీ-05, 06 ఇంకా ఎందుకున్నాయంటే వాడటం సులువు. సీరియల్ తీగకు బదులుగా గాలి, అంతే. రోబోకో, కరెంటుకు తగిలించిన పరికరానికో ఇవి చాలు. ఐఫోన్‌లో మామూలు యాప్‌లకు ఈ క్లాసిక్ సీరియల్ అందుబాటులో ఉండదని మాత్రం కొనేముందే గుర్తుంచుకోవాలి. ఇక 2.4 గిగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది కదా అని ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 కొనేవాళ్లున్నారు. మంచి రేడియోనే, కానీ బ్లూటూత్ కాదు. ఫోన్‌తో జతకాదు.

హెచ్‌ఎం-10 గురించి కొంచెం ఆగి చెప్పాలి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి సీసీ2541 చిప్ మీద కట్టిన బీఎల్‌ఈ మాడ్యూల్ ఇది. సీరియల్‌లో వచ్చిన అక్షరాలను ఎఫ్‌ఎఫ్‌ఈ0 సర్వీసులోని ఎఫ్‌ఎఫ్‌ఈ1 క్యారెక్టరిస్టిక్ (బీఎల్‌ఈలో డేటా ఉంచే అర లాంటిది) ద్వారా ఒక్కో ప్యాకెట్‌లో 20 బైట్ల చొప్పున పంపుతుంది. ఇదే చిప్‌తో, వేరే ఫర్మ్‌వేర్‌తో (చిప్ లోపలి ప్రోగ్రాంతో) వచ్చే నకళ్లు చాలా ఉన్నాయి. అసలుదానికి ఏటీ కమాండ్ (మాడ్యూల్ సెట్టింగులు మార్చే ఆదేశం) పంపేటప్పుడు చివర ఏ గుర్తూ ఉండకూడదు. నకళ్లలో చాలావాటికి క్యారేజ్ రిటర్న్, న్యూలైన్ రెండూ ఉండాల్సిందే. జవాబు రాలేదని బోర్డును పారేసేముందు సీరియల్ మానిటర్‌లో లైన్ ఎండింగ్ మార్చి చూడండి. అసలు బోర్డు మీద చిన్న 32 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. నకళ్లలో చాలాసార్లు ఆ చోటు ఖాళీగా కనబడుతుంది.

మాడ్యూల్ అస్సలు పలకకపోతే మొదట దాన్ని పక్కన పెట్టండి. యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ టీఎక్స్ (పంపే), ఆర్ఎక్స్ (అందుకునే) పిన్నులను ఒకదానికొకటి కలిపి, కంప్యూటర్‌లో నాలుగు అక్షరాలు టైప్ చేయండి. అవే తిరిగి కనబడితే కేబుల్, డ్రైవర్, పోర్ట్ బాగున్నట్టే. తర్వాత మాడ్యూల్ కలపండి: అడాప్టర్ టీఎక్స్ మాడ్యూల్ ఆర్ఎక్స్‌కు, మాడ్యూల్ టీఎక్స్ అడాప్టర్ ఆర్ఎక్స్‌కు, గ్రౌండ్ రెండింటికీ ఉమ్మడిగా. అక్షరాలు చెత్తగా వస్తుంటే బాడ్ రేట్ (రెండు వైపులా ఒకేలా ఉండాల్సిన సీరియల్ వేగం) తేడా. హెచ్‌సీ-05ను కమాండ్ మోడ్‌లోకి తేవాలంటే బటన్ నొక్కి పట్టుకుని కరెంటు ఇవ్వాలి. లైట్ గబగబా కొట్టుకోవడం మాని రెండేసి సెకన్లకు నింపాదిగా వెలిగి ఆరుతుంటే లోపలికి వెళ్లినట్టు. అక్కడ వేగం 38400. దాని బోర్డు 5 వోల్టుల సరఫరా తీసుకున్నా, ఆర్ఎక్స్ పిన్ 3.3 వోల్టులదే. 5 వోల్టుల ఆర్డునోతో కలిపేటప్పుడు మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో వోల్టేజీని తగ్గించాలి. లేకపోయినా కొన్నాళ్లు పనిచేస్తుంది, అందుకే చాలామంది వదిలేస్తారు. ఆ పిన్ మీద భారం పడుతూనే ఉంటుంది.

అసలు టెన్షన్ పెట్టేది ఒకసారి పనిచేసి ఒకసారి చేయని మాడ్యూల్. ఫోన్‌లో ఒక్క క్షణం కనబడి మాయమవుతుంది. మీటర్ పెడితే సెల్ 2.9 వోల్టులు చూపిస్తుంది. సెల్ బాగానే ఉంది, రేడియోనే పోయింది అనుకుంటాం. లోపల జరిగేది వేరు. కొత్త కాయిన్ సెల్‌కు లోపలి నిరోధం 10 నుంచి 20 ఓమ్‌లు ఉంటుంది. వాడేకొద్దీ, చలి పెరిగేకొద్దీ అది కూడా పెరుగుతుంది. 100 ఓమ్‌లకు చేరిన సెల్ నుంచి రేడియో 10 మిల్లీఆంపియర్లు లాగిందంటే, ఆ కొన్ని మిల్లీసెకన్ల పాటు ఒక వోల్టు అక్కడికక్కడే పడిపోతుంది. పెద్ద మోటారు ఆన్ చేయగానే ఇంట్లో లైట్లు మసకబారినట్టే ఇదీ. 2.9 కాస్తా 1.9 అవుతుంది. సీసీ2541కు కనీసం 2 వోల్టులు కావాలి. అది రీసెట్ అవుతుంది. లాగుడు ఆగగానే సెల్ మళ్లీ 2.9కి తేరుకుంటుంది, చిప్ మళ్లీ మొదలవుతుంది, మొదటి ప్రకటనకే మళ్లీ పడిపోతుంది. మీటర్ నెమ్మదిగా కొలుస్తుంది కాబట్టి ఈ గుంట దానికి అందదు. వోల్టేజీ మార్పులను గీతగా చూపే ఆసిలోస్కోప్ ఉంటే కనబడుతుంది. లేకపోతే మాడ్యూల్ సరఫరా పిన్నుల మధ్య 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి చూడండి. ప్రవర్తన మారిందంటే దొంగ దొరికినట్టే. దాంతోపాటు 100 నానోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ ఒకటి, చిప్‌కు వీలైనంత దగ్గరగా, ఎప్పుడూ ఉండాలి.

దీనికి తోబుట్టువు లాంటి సమస్య ఇంకోటుంది. ఏడాది రావాల్సిన సెల్ రెండు రోజుల్లో అయిపోతుంది. ఇక్కడ రేడియోను అనుమానించేముందు బోర్డును చూడండి. డెవలప్‌మెంట్ బోర్డుల మీద తరచుగా కనబడే, వోల్టేజీని స్థిరంగా ఉంచే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఏ పనీ చేయకుండానే సుమారు 5 మిల్లీఆంపియర్లు తింటుంది. 220ని 5తో భాగిస్తే 44 గంటలు, అదీ ఆ రెండు రోజుల లెక్క. పవర్ లైట్, యూఎస్‌బీ చిప్ కూడా తమ వాటా తీసుకుంటాయి. ఎన్‌ఆర్‌ఎఫ్52లో అయితే ప్రోగ్రాంలో సీరియల్ పోర్ట్ తెరిచి వదిలేసినా, డీబగ్గర్ (ఆ ఎస్‌డబ్ల్యూడీ ప్రోగ్రామరే) తీశాక ఒకసారి కరెంటు ఆపి మళ్లీ ఇవ్వకపోయినా నిద్ర కరెంటు దిగదు. నిద్రను మీటర్‌తో కొలిచేటప్పుడూ జాగ్రత్త కావాలి. మైక్రోఆంపియర్ రేంజ్‌లో మీటర్ లోపలి నిరోధం ఎక్కువ, రేడియో లేచిన క్షణంలో అదే వోల్టేజీని పడేస్తుంది. మాడ్యూల్ మొదలయ్యేదాకా మీటర్ కొసలను ఒక తీగతో కలిపి ఉంచి, నిద్రలోకి జారుకున్నాక తీగ తీసి చూడండి.

కరెంటు వ్యవహారం తేలాక మిగిలింది యాంటెన్నా. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 12.5 సెంటీమీటర్లు. అందులో పావు వంతును బోర్డు అంచున మెలికలు తిప్పిన రాగి గీతగా వేస్తారు. ఆ మెలికల కింద, చుట్టుపక్కల లోహం ఉండకూడదు. సెల్ హోల్డర్‌ను సరిగ్గా దాని వెనకే అతికించి రేంజ్ రావట్లేదనుకోవడం చాలా మామూలుగా జరిగేదే. నీళ్లు కూడా ఈ తరంగాలను మింగేస్తాయి. తడి మట్టికి ఆనించి పెట్టిన సెన్సర్ అందుకే నీరసంగా వినబడుతుంది. రేడియోను కాస్త పైకి లేపి, కొలిచే భాగాన్ని మాత్రమే తీగతో మట్టిలోకి దింపండి. ఫోన్‌లో ఏదైనా బీఎల్‌ఈ స్కానర్ యాప్ పెట్టుకుంటే సిగ్నల్ బలం డీబీఎంలో కనబడుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 తగ్గుతుంది, మైనస్ 90 దాటితే ప్యాకెట్లు జారిపోవడం మొదలవుతుంది. వినేది కంప్యూటర్ డాంగిల్ అయితే దాన్ని యూఎస్‌బీ 3.0 పోర్ట్ పక్కన కాకుండా ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెట్టండి. ఆ పోర్ట్ చేసే రొద సరిగ్గా ఇదే బ్యాండులో పడుతుంది.

ఇంత చేసినా రీడింగ్‌ల మధ్య ఖాళీలు వస్తే తప్పు ఫోన్‌ది కూడా కావచ్చు. ఆండ్రాయిడ్ 7 నుంచి ఒక యాప్ 30 సెకన్లలో ఐదుసార్లకు మించి స్కాన్ మొదలుపెడితే సిస్టమ్ దాన్ని అడ్డుకుంటుంది, ఎర్రర్ కూడా కనబడదు. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా లొకేషన్ అనుమతి లేకపోతే స్కాన్ ఫలితాలే రావు. తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి ప్రకటన ప్యాకెట్‌లో ఇంకో రెండు బైట్లు ఖర్చుపెట్టి ఒక కౌంటర్ పెట్టమంటాను. ప్రతి కొత్త రీడింగ్‌కూ ఒకటి పెరగాలి. ఫోన్‌లో నమోదైన సంఖ్యలు అక్కడక్కడా ఒకటి రెండు దాటవేస్తుంటే గాలిలో ప్యాకెట్లు పోతున్నాయి, యాంటెన్నా చూడాలి. చాలాసేపు ఏమీ రాకుండా, ఒక్కసారిగా పెద్ద సంఖ్య దగ్గర మళ్లీ మొదలైతే సెన్సర్ పలుకుతూనే ఉంది, ఫోనే వినలేదు. కౌంటర్ మధ్యలో సున్నాకు పడిపోతోందంటే చిప్ రీసెట్ అవుతోంది, ముందు సెల్‌నూ కెపాసిటర్‌నూ చూడాలి.