పెచ్చులు ఊడితే పడగొట్టాల్సిందేనా? మద్రాసు పాత కాంక్రీటు భవనాలపై అపోహలు - వాస్తవాలు

"మా బిల్డింగు 1962లో కట్టిందండీ. అరవై దాటింది కదా, ఇక కాంక్రీటు పనైపోయినట్టేనట. పడగొట్టేస్తేనే మంచిదంటారా?" నాకొచ్చే ఫోన్లలో చాలావరకు ఇలాగే మొదలవుతాయి. అడిగేవాళ్ళలో టి.నగర్, మైలాపూరు, అడయారుల్లో తాతలనాటి ఇళ్ళున్న మనవాళ్ళు ఉంటారు, ఏదో సంఘం భవనానికి కార్యదర్శులుగా ఉన్నవాళ్ళు ఉంటారు. అందరికీ ఆ మాట చెప్పింది మాత్రం ఒకే రకం మనిషి: ఆ స్థలంలో కొత్తది కట్టాలనుకునేవాడు.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. ముప్ఫైల నుంచి ఎనభైల దాకా వచ్చిన ఆర్‌సీసీ భవనాల (లోపల ఇనుప కమ్మీలు పెట్టి కాంక్రీటు పోసినవి) మరమ్మతు నా పని. గుండ్రటి మూలలతో ఓడల్ని తలపించే ఆర్ట్ డెకో శైలి ఇళ్ళు, ఆ తర్వాత నగిషీలు లేకుండా సాదాగా కట్టిన మోడర్నిస్టు ఆఫీసులు, హాళ్ళు ఈ ఊళ్ళో కుప్పలుగా ఉన్నాయి. గోపురమో ఆర్చీలో ఉంటే "అయ్యో, పాతకాలపు కట్టడం" అని ఒక్కరైనా అడ్డుపడతారు. వీటికి ఆ దిక్కు కూడా లేదు.

అపోహ: కాంక్రీటుకి అరవై ఏళ్ళే ఆయుష్షు. పెచ్చులూడుతున్నాయంటే కాలం చెల్లినట్టే.

డిజైన్ చేసేటప్పుడు లెక్క కోసం పెట్టుకునే యాభై ఏళ్ళ గడువును ఎవరో ఎక్స్‌పైరీ డేటుగా మార్చేశారు. వాట్సాప్ గ్రూపులు దానికి ఇంకో పదేళ్ళు కలిపాయి. కాంక్రీటు తన పుట్టినరోజు చూసుకుని పాడవదు.

లోపల జరిగేది ఇది. కాంక్రీటుకున్న క్షారగుణమే కమ్మీకి రక్ష. పీహెచ్ 12.5కి పైన ఉన్నంతకాలం కమ్మీ చుట్టూ సన్నటి పొర ఏర్పడి తుప్పు పట్టనివ్వదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు మెల్లగా ఇంకి ఆ పీహెచ్‌ని 9 కిందికి దించుతుంది. అలా పీహెచ్ పడిపోయిన మేర కమ్మీ దాకా చేరి, చెమ్మ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పుకి ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు కావాలి. అందుకే పైనున్న కవరును, అంటే కమ్మీని కప్పి ఉంచే కాంక్రీటు పొరను, నెట్టేసి పెచ్చులుగా రాలుస్తుంది. పెచ్చు ఊడిందంటే కవరు పోయిందనే అర్థం. స్లాబు పోయిందో లేదో పరీక్షించి చెప్పాలి. పైగా ఇలా కార్బన్ డయాక్సైడు లోపలికి ఇంకే (దీన్నే కార్బనేషన్ అంటాం) వేగం కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. 16 ఏళ్ళలో 10 మి.మీ. లోతుకు వెళ్ళినది 20 మి.మీ. చేరడానికి మొదటినుంచి లెక్కేస్తే ఇంచుమించు 64 ఏళ్ళు పడుతుంది.

అరవైల్లో స్లాబులకు అర అంగుళం కవరుతో సరిపెట్టేవాళ్ళు. కాంక్రీటు పనికి మన దేశంలో పాటించే ప్రమాణం ఐ.ఎస్. 456 ఇప్పుడు సముద్రతీరంలో 45 మి.మీ. అడుగుతుంది. కాబట్టి ఆనాటి ఇంట్లో అక్కడక్కడా పెచ్చులూడటం వింత కాదు. ఇంకో సంగతుంది. మోడర్నిస్టు భవనం అందమంతా పలచటి కాంక్రీటులోనే ఉంటుంది: సన్‌షేడ్లు, ఎండకి అడ్డంగా నిలబెట్టిన పలకలు (ఫిన్నులు), గాలి ఆడేలా చిల్లులున్న జాలీలు, స్తంభం లేకుండా ముందుకు చాచిన పోర్టికో. ఎండా వానా ఉప్పుగాలీ ముందు తగిలేది వాటికే, కాబట్టి ముందు పాడయ్యేవీ అవే. రోడ్డు మీంచి కనిపించేవీ అవే. వాటిని చూసి లోపలి బీములకూ స్తంభాలకూ తీర్పు చెప్పేస్తారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు.

మైలాపూరులో ఒక పెద్దావిడ ఇల్లు చూశాను. నెల్లూరు వైపు వాళ్ళు. మామగారు యాభైల్లో కట్టించారట. గుండ్రటి బాల్కనీ, మెట్ల గోడకి ఓడ కిటికీల్లాంటి కిటికీలు, అద్దంలా మెరిసే మొజాయిక్ నేల. హాలు సీలింగులో ఓ మూల గజం మేర పెచ్చులూడి కమ్మీలు బయటపడ్డాయి. ఆ మూలనుండే మంచాన్ని తీసేసి ఆవిడ వంటింట్లో పడుకుంటున్నారు. "అబ్బయా, రాత్రుళ్ళు కన్ను మూతబడదు. ఈ తుఫాన్లకి నిలవదన్నాడు ఆ బిల్డరు. సంతకం పెట్టేస్తే పోద్దిలే అనిపిస్తా ఉంది" అన్నారు. మేడెక్కి చూస్తే ఆ మూలకి సరిగ్గా పైన బాత్రూము. నేల మీది నీళ్ళు బయటికి పోయే నహానీ ట్రాపు చుట్టూ ఏళ్ళ తరబడి నీళ్ళు దిగుతున్నాయి. మిగతా స్లాబు సుత్తితో తడితే ఖంగుమంటోంది. "పడదమ్మా, ముందు ప్లంబర్‌ని పిలుద్దాం" అన్నాను. ఆవిడ నా ఎదురుగానే హైదరాబాదులో ఉన్న అల్లుడికి ఫోన్ చేసి "ఈయన చెప్పేది నిజమేనా కనుక్కో నాయనా" అన్నారు. ఆవిడ తప్పేముంది? ఇల్లు పడుతుందని చెప్పినవాడు నాలుగు సార్లు వచ్చి కాఫీ తాగి వెళ్ళాడు, నేను అప్పుడే వచ్చాను. ఆ తర్వాత ట్రాపు మార్పించి, ఆ మూల మటుకు మరమ్మతు చేశాం. మంచం మళ్ళీ హాల్లోకొచ్చింది. బిల్డరు ఫోన్లు మాత్రం ఆగలేదు.

ఇంకా పెద్ద సాక్ష్యం కావాలంటే మౌంట్ రోడ్డుకి వెళ్ళండి. 1959లో తెరిచిన ఎల్ఐసీ భవనం 1975లో తగలబడింది. కాంక్రీటుని మంటలు పెట్టే బాధ ముందు తుప్పు ఏపాటిది? బాగుచేసుకున్నారు. ఈరోజుకీ అందులో ఆఫీసులు నడుస్తున్నాయి. అహ్మదాబాద్ ఐఐఎం సంగతి ఇంకా విడ్డూరం. అమెరికన్ ఆర్కిటెక్టు లూయీ కాన్ కట్టిన వసతి గృహాల్లో చాలావాటిని పడగొడతామని 2020 డిసెంబరులో ప్రకటించారు. దేశవిదేశాల నుంచి గోల లేస్తే కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గారు, 2022లో మళ్ళీ అదే పాట అందుకున్నారు. అదే ఆవరణలో అదే కాన్ కట్టిన లైబ్రరీని మరమ్మతు చేసినందుకే 2019లో యునెస్కో అవార్డు వచ్చింది!

అన్నీ బతుకుతాయని నేననను. కాంక్రీటు కలిపేటప్పుడే ఉప్పునీళ్ళో సముద్రపు ఇసుకో వాడి ఉంటే, కమ్మీకి తుప్పు పట్టించే క్లోరైడు (ఉప్పులో ఉండేదే) లోపలంతా ఉంటుంది. ఒకచోట బాగుచేస్తే పక్కచోట లేస్తుంది. అలాంటి భవనానికి మరమ్మతు ఖర్చు తేలక, పడగొట్టుకోమని నేనే రాసిచ్చిన సందర్భాలున్నాయి. కానీ అది పరీక్షలయ్యాక చెప్పాల్సిన మాట.

ఏం పరీక్షలు? కోర్ తీసి, అంటే కాంక్రీటులోంచి గొట్టంలాంటి ముక్కను కోసి తీసి, బలం చూడాలి. ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లితే ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకి తిరుగుతుంది, కార్బనేట్ అయినంత మేర రంగు రాదు. క్లోరైడు శాతం కొలవాలి. కమ్మీలో తుప్పు జాడ పట్టే విద్యుత్ పరీక్ష హాఫ్‌సెల్. దాని రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తున్నట్టే లెక్క. పైపొర గట్టిదనాన్ని మాత్రమే చూసే రీబౌండ్ సుత్తి ఒక్కటి పట్టుకొచ్చి, అరగంటలో నాలుగు చోట్ల కొట్టి "అన్‌ఫిట్" అని రాసిచ్చే కాగితాన్ని రిపోర్టు అనకండి. దానికి డబ్బు ఎవరు కట్టారో కూడా అడగండి. స్థలం మీద కన్నున్నవాడే కట్టి ఉంటే, మీ డబ్బుతో ఇంకొకరి చేత రాయించండి.

రెండో తప్పు మేస్త్రీని పిలిచి ఊడినచోట మామూలు సిమెంటు పూయించి పైన పెయింటు వేయించడం. తుప్పు లోపలే ఉంటుంది, రెండు వానాకాలాలకి ఇంకా పెద్ద పెచ్చు ఊడుతుంది. "చూశారా, రిపేరు నిలవదు" అనడానికి అది ఆధారమవుతుంది. ముందు స్లాబుకి ఆసరాగా ప్రాపులు పెట్టి, కమ్మీ వెనకదాకా చెక్కి, తుప్పంతా గీకి, సన్నబడ్డ కమ్మీకి తోడు కమ్మీ కట్టి, పాలిమర్ మోర్టారుతో పూడ్చాలి. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అది ఆపకపోతే ఇవన్నీ దండగ.

అపోహ: వందేళ్ళు నిండితేనే హెరిటేజ్.

వందేళ్ళ షరతు 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టానిది. మన ఊళ్ళో భవనాల జాబితా సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) కింద ఉన్న హెరిటేజ్ కమిటీ చూస్తుంది. అది పూర్తిగా వేరే దారి, అక్కడ చూసేది కట్టడం విలువని. చండీగఢ్ క్యాపిటల్ కాంప్లెక్సుకి వందేళ్ళున్నాయా? 2016లోనే ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఈ వయసు లెక్కతో పోయింది ఢిల్లీలోని హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాల. ఆర్కిటెక్టు రాజ్ రేవల్, ఇంజనీరు మహేంద్ర రాజ్ కలిసి 1972లో నిలబెట్టిన కాంక్రీటు స్పేస్ ఫ్రేము (కడ్డీల్ని త్రికోణాలుగా కలిపి లోపల స్తంభాల్లేకుండా కప్పే కట్టడం) అది. అరవై ఏళ్ళు నిండలేదని పక్కన పెట్టి, 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రే కూల్చేశారు.

అపోహ: జాబితాలో చేరితే మేకు కూడా కొట్టనివ్వరు.

గ్రేడును బట్టి ఉంటుంది. ముంబైలో 1995 నుంచీ ఈ నియమాలున్నాయి. అక్కడ మూడో గ్రేడు భవనాల్లో మార్పులకి చాలా వెసులుబాటుంది. ఏసీ పెట్టుకోవద్దని, వైరింగు మార్చుకోవద్దని ఎవరూ అనరు. పారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ 1940లో వచ్చిన ఆర్ట్ డెకో కట్టడం. అదేమీ మ్యూజియం కాదు, పెద్ద కంపెనీ ఆఫీసు.

అపోహ: పడగొడితే వెంటనే కొత్తది లేస్తుంది.

1964 నాటి సఫైర్ థియేటర్ కాంప్లెక్సు తొంభైల్లో నేలమట్టమైంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అక్కడ ఖాళీ స్థలమే. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అపోహ: ఈ డబ్బా బిల్డింగుల్లో చూడ్డానికేముంది?

ఏసీ లేని రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి ఆ జాలీ వెనక కూర్చున్నవాళ్ళని అడగండి.

ఒక పని మాత్రం ఈ వారమే చేయండి. ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున పాత ప్లాన్లు, కమ్మీల డ్రాయింగులు ఉంటాయి, నీలం కాగితాల మీద. చెదలు పట్టకముందే స్కాన్ చేయించి ఒక కాపీ పిల్లలకి పంపండి. ఏ బీములో ఏ కమ్మీ ఉందో తెలిస్తే మాకు చెక్కి వెతికే పని తప్పుతుంది, మీకు ఖర్చు తగ్గుతుంది.