పీరియడ్ డ్రామాలు (గడిచిన కాలంలో జరిగే సినిమాలు, సీరియళ్లు): అపోహలు - వాస్తవాలు

అపోహ: సెట్లు, నగలు ఘనంగా ఉంటే కాలం దానంతటదే తెర మీదికి వచ్చేస్తుంది.

వాస్తవం: కాలాన్ని ముందు పట్టుకోవాల్సింది రచయిత. ఆనాటి మనుషులు ఏం చేయలేకపోయేవారు, ఏది పైకి అనకూడదు, కబురు చేరడానికి ఎంత పట్టేది అన్నవే సన్నివేశాలను పుట్టిస్తాయి. ఉత్తరం సంగతే చూడండి. బ్రిటన్‌లో 1840లో పెన్నీ తపాలా (పంపేవాళ్లే ముందుగా ఒక పెన్నీ కట్టే పద్ధతి) వచ్చేదాకా ఖర్చు సాధారణంగా అందుకున్నవాళ్లే భరించేవారు. ఎన్ని కాగితాలుంటే అంత రుసుము; కవరు కూడా ఒక కాగితం కిందే లెక్క. అందుకే రాసిన కాగితాన్నే మడిచి లక్కతో అంటించేవారు. అంటే 1830ల నాటి కథలో పేదింటికి ఉత్తరం రావడమే ఒక చిక్కు: డబ్బిచ్చి తీసుకోవాలా, చదవకుండానే తిప్పి పంపేయాలా? ఈ సన్నివేశానికి ఒక తలుపు, ఇద్దరు నటులు చాలు. అదే పాత్ర చేత చటుక్కున కవరు చింపిస్తే, పొరపాటు జరగడమే కాదు, మంచి సన్నివేశం కూడా చేజారుతుంది.

అపోహ: 1925 నాటి ఇంట్లో అన్నీ 1925వే ఉండాలి.

వాస్తవం: అలా పేరిస్తే అది ఇల్లులా కాదు, షోరూమ్‌లా ఉంటుంది. పెద్ద సామాను ఇరవై, నలభై ఏళ్ల వెనకటిది కావాలి. సరికొత్త వస్తువులు ఒకటో రెండో చాలు. వాటిని ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో స్క్రిప్టుకు తెలిసి ఉండాలి. బట్టల్లోనూ అంతే, నడివయసు పాత్ర తన యవ్వనం నాటి కుట్టు తీరునే అంటిపెట్టుకుని ఉండొచ్చు.

కొత్తగా కుట్టినవాటిని పాతబరచడం వేరే పని. ఇప్పటి తెల్లబట్టలో మెరుపునిచ్చే రసాయనాలుంటాయి. కెమెరాకు అది నీలంగా కొడుతుంది. టీ డికాక్షన్‌లో ముంచితే ఆ తెలుపు విరుగుతుంది. తర్వాత మోచేతులు, జేబు అంచులు, కాలర్ మడత గరుకు కాగితంతో రుద్దాలి. బట్టంతా ఒకేలా రుద్దితే మాత్రం వాడి అరిగినట్టు ఉండదు, దుమ్ము పూసినట్టు ఉంటుంది. చాలా సీరియళ్లు దొరికిపోయేది ఇక్కడే.

అపోహ: గ్రాంథికం మాట్లాడిస్తే పాతకాలం.

వాస్తవం: ఇంట్లో పుస్తకంలా మాట్లాడుకున్న తరం ఏదీ లేదు. 1876లో మొదలయ్యే కథతో వచ్చిన అమెరికన్ సీరియల్ ‘డెడ్‌వుడ్’ (2004)లో ఈనాటి బూతులు తెలిసే పెట్టారు, ఎందుకంటే ఆనాటి దైవదూషణలు ఇప్పటి చెవికి నవ్వు తెప్పిస్తాయి. కాలాన్ని చెప్పేది పిలుపులు: ఎవరు ఎవర్ని పేరు పెట్టి పిలవగలరు, ఎవరు నిలబడే ఉండాలి.

అపోహ: పాత్రను కల్పిస్తే చరిత్రను వంచించినట్టే.

వాస్తవం: అణు ప్రమాదం మీద తీసిన ‘చెర్నోబిల్’ (2019) సీరియల్‌లో ఉలానా ఖోమ్యుక్ అనే శాస్త్రవేత్త కల్పితం. నిజంగా పనిచేసిన ఎందరినో ఐదు భాగాల్లో పరిచయం చేయలేక ఒక్కరిగా కలిపారు; ఆ మాట చివర్లో సీరియలే చెప్పింది. బతికిన మనిషికి చేయని నేరాన్ని అంటగడితేనో, జరిగినదానికి అసలు కారణాన్నే మార్చేస్తేనో తప్పుపట్టాలి.