లడ్డూలా కట్టుకునే రంగు

బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న ఒక పాఠకురాలు అడిగారు: "వాటర్ కలర్ ఆరాక తడి బ్రష్ పెడితే కింది రంగు కరిగి లేచిపోతుంది. అక్రిలిక్ కూడా నీళ్లతోనే కలుపుతాం కదా, అది ఎందుకు లేవదు?"

మంచి ప్రశ్న. 'ఆరితే ప్లాస్టిక్ అయిపోతుంది' అని డ్రాయింగ్ క్లాసుల్లో చెప్పేస్తుంటారు. నిజానికి అది ట్యూబులో ఉన్నప్పుడే ప్లాస్టిక్! వాటర్ కలర్‌లో రంగుపొడిని పట్టి ఉంచే తుమ్మ జిగురు నీళ్లలో కరుగుతుంది, ఆరాక మళ్లీ తడిపినా కరుగుతుంది. అక్రిలిక్‌లో ఆ పని చేసే పాలిమర్ (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న ప్లాస్టిక్) నీళ్లలో ఎప్పుడూ కరగలేదు. మైక్రాన్‌లో (అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో) పదో వంతు నుంచి అయిదో వంతు సైజు రేణువులుగా తేలుతూ ఉంటుంది, అంతే.

ఆ రేణువులన్నీ ఒక పొరగా ఎలా అవుతాయి? బూందీ లడ్డూ చుట్టడం గుర్తు తెచ్చుకోండి. విడివిడి బూందీని గుప్పిట్లో నొక్కితే ఉండ కడుతుంది. ఇక్కడ నొక్కే చెయ్యి నీళ్లదే. నీళ్లు ఆవిరవుతుంటే రేణువులు దగ్గరికి జరుగుతాయి. మధ్య సందుల్లో మిగిలిన నీటి తలతన్యత వాటిని లోపలికి లాగుతుంది. సందు ఎంత సన్నగా ఉంటే లాగుడు అంత ఎక్కువ. ఈ సైజు దగ్గర లెక్క వేస్తే వాతావరణ పీడనానికి పది రెట్ల స్థాయిలో వస్తుంది! గుండ్రటి రేణువులు ఆ ఒత్తిడికి అణిగి, తేనెపట్టు గదుల్లా పలకలు తేలతాయి. లడ్డూ వేడి మీదే చుట్టాలి, చల్లారితే పొడిపొడిగా రాలుతుంది. అక్రిలిక్ కూడా అంతే. దాదాపు 10 డిగ్రీల లోపు చలిలో రేణువులు గట్టిగా ఉండి అణగవు, పొర పగుళ్లిస్తుంది. అలాంటప్పుడు 'చేయి వాటం బాలేదు' అనుకునేకంటే గదిలో థర్మామీటర్ చూడటం మేలు.

ఒక్క తేడా ఉంది. లడ్డూ చిదిపితే బూందీ మళ్లీ బూందీయే. అక్రిలిక్‌లో మాత్రం పక్కపక్క రేణువుల్లోని పాలిమర్ గొలుసులు సరిహద్దు దాటి ఒకదానిలోకొకటి చొరబడి పెనవేసుకుంటాయి. ఆ తర్వాత రేణువంటూ ఉండదు. మీద ఎన్ని నీళ్లు పోసినా విడదీయలేవు.

పొరల మీద పొరలు వేసే నైరూప్య చిత్రకారులకు ఈ ధైర్యమే కావాలి. అమెరికన్ చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెన్‌థేలర్ 1950ల్లో పల్చటి ఆయిల్ రంగును ప్రైమర్ (అడుగు పూత) లేని కాన్వాసు మీద పోసేవారు. రంగు చుట్టూ నూనె మరకలా పాకేది. 1960ల్లో అక్రిలిక్‌కు మారారు, తర్వాత కాగితం మీద కూడా దానితో చాలా వేశారు.

అక్రిలిక్‌తో ఒక చికాకు ఉంది: తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగు, ఆరాక ఉండే రంగు ఒకటి కావు. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం నీటికి 1.33, పాలిమర్‌ది 1.48 దరిదాపుల్లో. ఆ తేడా వల్ల రేణువులు కాంతిని చెదరగొట్టి, తడి రంగులో పాలు కలిసినట్టు తెల్లదనం కనిపిస్తుంది. నీళ్లు పోయి సరిహద్దులు చెరిగిపోతే అది మాయమై రంగు ముదురుతుంది. పైగా పారదర్శకమైన పొరలో కాంతి కాగితం దాకా వెళ్లి తిరిగి వస్తుంది, అంటే రెండుసార్లు వడపోత. ఒక పొర 80 శాతం కాంతిని వదిలితే తిరిగొచ్చేది 64 శాతం, అలాంటివి రెండు పొరలైతే 41 శాతమే. ఇంకో విచిత్రం: పొరలు పూర్తిగా పారదర్శకమైతే నీలం మీద పసుపు వేసినా, పసుపు మీద నీలం వేసినా ఒకటే. క్రమానికి విలువ వచ్చేది కాంతిని చెదరగొట్టే రంగుల వల్లే. టైటానియం వైట్ గుణకం 2.7 వరకు ఉంటుంది, అందుకే ఒక్క పూతతో కింది కథంతా కప్పేస్తుంది.

కాగితం గోల వేరు. తడిస్తే సెల్యులోజ్ పోగులు పొడవులో పెద్దగా మారవు, అడ్డంగా ఉబ్బుతాయి. తడిసినచోట కాగితం పెరుగుతుంది, చుట్టూ పొడిగా ఉన్న భాగం జరగనివ్వదు, ముడతలు లేస్తాయి. మందం కాగితం తీసుకుని నాలుగు అంచులూ టేపుతో బోర్డుకి బిగించండి. మొదటి పొర ఆరి పొరకట్టాక తర్వాతి నీళ్లు అంత త్వరగా ఇంకవు.

పూర్తయినవాటిని దొంతరగా పేర్చకండి. తేలిగ్గా అణగడానికే ఈ పాలిమర్‌ను మెత్తగా తయారుచేస్తారు, ఆరాక కూడా ఆ మెత్తదనం పూర్తిగా పోదు. మన మే నెల ఎండల్లో ఒక బొమ్మ ఇంకోదానికి అతుక్కుంటుంది. మధ్యలో బటర్ పేపర్ పెట్టినా ఒక్కోసారి దానికీ అంటుకుంటుంది. సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపర్ అయితే ఊడి వస్తుంది.