ఎర్ర మందు తర్వాత ఎత్తైన కొండ

పెద్ద కొండలెక్కడం నేర్పేవాళ్ళు ముందు నడక నేర్పుతారు. అప్పుడే నిలబడుతున్న పిల్లాడికి నేర్పినట్టు అడుగడుగూ పట్టి నేర్పుతారు. వెనక కాలి మోకాలు బిగించి, ఒంటి బరువంతా ఆ కాలి ఎముకల మీద మోపి, ముందు కాలిని ఒక్క క్షణం వదులుగా ఉంచాలి. ఆ క్షణం తొడ కండరాలకు విశ్రాంతి. అప్పుడు పెదవులు సున్నాలా చుట్టి, కట్టెల పొయ్యి ఊదినట్టు గట్టిగా గాలి వదలాలి. ఆ తర్వాతే రెండో అడుగు. చూసేవాళ్ళకు నత్తనడకలా ఉంటుంది కానీ, గంటల తరబడి ఆగకుండా ఎక్కగలిగేది ఆ నడకతోనే.

1995లో 17 మంది ఆడవాళ్ళు అర్జెంటీనాలోని అకోంకాగువా కొండకు బయల్దేరారు. అందరూ స్తన క్యాన్సర్‌కి చికిత్స చేయించుకుని బయటపడ్డవాళ్ళే. అకోంకాగువా ఎత్తు 6,961 మీటర్లు, ఆసియా బయట దాన్ని మించిన శిఖరం లేదు. స్తన క్యాన్సర్ మీద పరిశోధనకు విరాళాలు పోగుచేయడం వాళ్ళ ఉద్దేశం. ఆ ఆలోచన లారా ఎవాన్స్ అనే అమెరికన్ మహిళది. దారి చూపినవాడు పీటర్ విట్టేకర్. శిఖరం దాకా వెళ్ళాలనుకున్నవాళ్ళు కొందరు, కొండ పాదం దగ్గరి లోయల్లో నడిచినవాళ్ళు మరికొందరు.

ఈ ప్రయాణం గురించి అందరూ ధైర్యం, పట్టుదల అని చెబుతారు. అవి ఉన్నాయి. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది ఎముకల్లో ఉండే మూలుగ. ఎవాన్స్‌కి చాలా ఎక్కువ మోతాదులో కీమో ఇచ్చి, మూలుగ మార్పిడి చేశారు. మన రక్తంలోని ఎర్ర కణాలు పుట్టేది ఆ మూలుగలోనే. ఒక్కో కణం ఆయుష్షు సుమారు 120 రోజులు, కాబట్టి మూలుగ రాత్రింబవళ్ళు పనిచేస్తూనే ఉండాలి. కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను చంపుతాయి. క్యాన్సర్ కణమా, మూలుగ కణమా అన్న తేడా వాటికి పెద్దగా తెలియదు. అలా ఒకసారి దెబ్బతిని మళ్ళీ చిగురించిన మూలుగను పట్టుకుని, ఇంకా ఎక్కువ ఎర్ర కణాలు తయారుచెయ్యమని అడిగే చోటికి ఆమె వెళ్ళింది.

ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం ఎక్కడైనా దాదాపు 21. తగ్గేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల దగ్గర అది సముద్ర మట్టంలో ఉన్నదానికి సగం, అకోంకాగువా కొన మీద సగం కంటే తక్కువ. ఊపిరితిత్తుల నిండా పీల్చినా లోపలికి వచ్చే ఆక్సిజన్ సగమే. మెడలోని ధమనుల దగ్గర ఆక్సిజన్‌ను కనిపెట్టే చిన్న కణజాలం ఒకటుంది. నిమిషాల్లోనే అది ఊపిరి వేగం పెంచుతుంది. మూత్రపిండాలు ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్ విడుదల చేస్తాయి, అది మూలుగకు చేరి ఎర్ర కణాలు పెంచమంటుంది. ఆ కణాలు తయారవడానికి వారాలు పడుతుంది. అందుకే 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదంటారు. మధ్యమధ్యలో ఎక్కడం మానేసి ఒక రోజు ఆగమంటారు.

ఆక్సిజన్ తగ్గిందని కణానికి ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన విలియం కెలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజా 2019లో నోబెల్ అందుకున్నారు. కణంలో హిఫ్ అనే ప్రోటీన్ ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ సరిపడా ఉన్నంతసేపు కణం దాన్ని వెంటవెంటనే ముక్కలు చేసి పారేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే ఆ పని ఆగి హిఫ్ పోగుపడుతుంది, జన్యువులను మేల్కొలుపుతుంది, ఎరిత్రోపొయెటిన్ తయారీ మొదలవుతుంది. కొండ మీద మనిషిని కాపాడే మీట ఇదే. గడ్డగా పెరిగే క్యాన్సర్ కూడా ఇదే మీటను వాడుకుంటుంది. గడ్డ మధ్యలో రక్తం అందక ఆక్సిజన్ కరువైనప్పుడు అక్కడ హిఫ్ పోగుపడి, కొత్త రక్తనాళాలను తన వైపు పిలిపించుకుంటుంది. కొన్ని మూత్రపిండ క్యాన్సర్లలో ఆక్సిజన్ ఉన్నా ఆ మీట వేసే ఉంటుంది, దాన్ని ఆపే మందు 2021లో వాడకంలోకి వచ్చింది. బతకడానికి ఒంట్లో ఉన్న ఏర్పాటునే జబ్బు దొంగిలించుకుంటుందని మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

చికిత్స వదిలి వెళ్ళే గుర్తులు ఇంకా ఉన్నాయి. స్తన క్యాన్సర్‌కి తరచుగా ఇచ్చే డాక్సోరుబిసిన్ రక్తంలా ఎర్రగా ఉంటుంది. మా పిన్ని దాన్ని ‘ఎర్ర మందు’ అనేది. సెలైన్ గొట్టంలో ఆ ఎరుపు కిందికి దిగుతుంటే మొహం పక్కకు తిప్పుకునేది. మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు అది. గుండె కండరాన్ని దెబ్బతీయగలదు కాబట్టి జీవితం మొత్తంలో ఇంత మోతాదుకు మించి ఇవ్వకూడదని లెక్క పెడతారు. ఇది వాడినవాళ్ళు కొండెక్కాలనుకుంటే ముందు ఎకో, అంటే గుండె స్కాన్, తీయించుకోవాల్సిందే.

పాదాల సంగతి వేరు. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్, యూ చెట్టు బెరడు నుంచి పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు వచ్చాయి. రెండూ కణ విభజనను ఆపేవే, రెండూ నరాలను బాధించేవే. అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలకు వెళ్తాయి కాబట్టి తిమ్మిరి ముందు అక్కడే మొదలవుతుంది. కాలి కింద రాయి కదిలిందా లేదా అన్నది తెలియకపోతే దిగుడులో ప్రాణం మీదికొస్తుంది.

ఇంకో భయం చేతి వాపు. చంకలో లింఫ్ గ్రంథులు తీసేస్తే ఆ చేతిలో నీరు చేరవచ్చు. అందుకని ఆ చేత్తో బరువులెత్తొద్దు, జాగ్రత్తగా దాచుకో అని ఏళ్ళ తరబడి చెప్పారు. అకోంకాగువా మీద ఆ ఆడవాళ్ళు వీపున సంచులు మోసుకుని నడిచిన రోజుల్లో ఆ సలహాయే గట్టిగా నడుస్తోంది. మరుసటి ఏడాది, 1996లో, కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే వైద్యుడు 24 మంది స్తన క్యాన్సర్ బాధితులతో పొడవాటి డ్రాగన్ పడవ నడిపించాడు. తెడ్డు వేస్తే చేతులు వాస్తాయన్న భయం నిజం కాలేదు. 2009లో కేథరిన్ ష్మిట్జ్ బృందం, అప్పటికే చేతి వాపు ఉన్న 141 మందితో పరీక్షించి చూసింది. కొద్దికొద్దిగా బరువులెత్తుతూ వచ్చినవాళ్ళలో వాపు ముదరడం తగ్గింది.

అంతకంటే పెద్ద కబురు 2025లో వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆరోగ్య సలహాల పుస్తకాలు ఇచ్చారు. రెండో జట్టుకు పుస్తకాలతో పాటు మూడేళ్ళ పాటు పక్కన ఉండి వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్ళ తర్వాత మొదటి జట్టులో నూటికి 83 మంది, రెండో జట్టులో 90 మంది బతికున్నారు. అది కొండలెక్కే వ్యాయామం కాదు, వారంలో మూడు నాలుగు సార్లు ముప్పావు గంట చురుకైన నడకతో సమానం. మందు సీసాలో ఇంత ఫలితం వస్తే దాన్ని ప్రతి ఆసుపత్రిలో రాసిచ్చేవాళ్ళు. నడకను రాసివ్వడం మన దగ్గర ఇంకా అలవాటు కాలేదు, అది నన్ను బాధిస్తుంది.

షాన్ స్వార్నర్ గురించి చెప్పకపోతే అన్యాయం. అమెరికాలోని ఒహాయోలో పుట్టినవాడు. 13 ఏళ్ళకు హాడ్జ్‌కిన్ లింఫోమా, 16 ఏళ్ళకు మరో అరుదైన క్యాన్సర్ వచ్చాయి. చికిత్సలో ఒక ఊపిరితిత్తి దాదాపు పనికిరాకుండా పోయింది. అయినా 2002 మే 16న ఎవరెస్ట్ ఎక్కాడు. ఆయన కథ గొప్పదే. కానీ కీమో గదిలో కూర్చున్న మనిషికి ఎవరెస్ట్ చూపించి ‘నువ్వూ ఎక్కొచ్చు’ అనడం నాకు నచ్చదు. కీమో అలసట నిద్రపోతే తీరేది కాదు. ఆ మనిషికి మొదటి కొండ మేడ మెట్లు.

మా పిన్ని సంగతి అదే. చికిత్స అయ్యాక ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ‘కదలకు, రెస్ట్ తీసుకో’ అన్నారు. ఆమె ఆరు నెలలు మంచం దిగలేదు, కాళ్ళు పుల్లలయ్యాయి. చివరికి డాక్టరుగారే రోజూ డాబా మీద నడవమన్నారు. మొదటి రోజు మూడు చుట్లకే ఆయాసం. రెండేళ్ళకు, ఎకో, రక్తపరీక్షలు చూపించి, తిరుమల మెట్ల మొక్కు తీర్చుకుంటానంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు, ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ.

తెల్లవారుజామున బయల్దేరాం. ఆపరేషన్ అయింది ఎడమ వైపు కాబట్టి ఆ చేతికి బిగుతు తొడుగు వేసుకుంది. పసుపు కుంకుమల పొట్లాలు నేను పట్టుకున్నాను. వంగి మెట్టుకు బొట్టు పెడుతుంది, నడుం ఎత్తి నిలబడుతుంది, ఊపిరి వదులుతుంది, అడుగు వేస్తుంది. మళ్ళీ వంగుతుంది. గాలిగోపురం దాటాక కూడా అదే లెక్క. మాతో మొదలుపెట్టి గబగబా ఎక్కినవాళ్ళు చాలామంది మధ్యలో మెట్ల మీద కూలబడి కనిపించారు.

“కాసేపు కూర్చుందామా పిన్నీ?” అన్నాను.

“వద్దురా. నిలబడితే చాలు” అంది.

మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్లు నిటారుగా లేచాయి. చేతి వేళ్ళలో తిమ్మిరి అప్పటికి పోయింది, పాదాల్లో పోలేదు. మెట్టు అంచు ఎక్కడుందో కాలికి తెలియడం లేదు. బొట్టు పెట్టిన వేలితో అంచు దాకా తడిమి చూసుకుని, సరిగ్గా ఆ వేలు ఆగిన చోట పాదం పెట్టింది.